గృహ సహాయమునకు దరఖాస్తు: సాగుదారులు, కూలీలు తెలిసికొనవలసిన క్రమము

సొంత ఇల్లు లేని గ్రామవాసులకును, మట్టిగోడల నడుమ పూరికప్పు క్రింద కాలము గడపువారికిని ఇల్లు కట్టుకొనుటకు ప్రభుత్వము ధనసహాయము చేయుచున్నదని మన సభ్యులందఱును వినియే యున్నారు. ఆ సహాయము చేతికందు క్రమము తెలిసినవారు మాత్రము కొలదిమందియే. క్రమము తెలియమిచే అర్హులు జాబితాలో చేరకపోవుటయు, చేరినవారు పునాదులు లేపి ఆగిపోవుటయు, పాత ఇల్లు పడగొట్టుకొని క్రొత్తది పూర్తికాక పశువులపాకలో వానకాలము గడపుటయు పల్లెలలో అరుదు కాదు. దరఖాస్తు వ్రాయు దినము మొదలు తుది విడత రొక్కము ఖాతాలో పడు దినము వఱకు ఏ పని ముందు చేయవలెనో, ఏ పని తరువాత చేయవలెనో ఈ వ్యాసమున తెలుపుచున్నాము. చదువురాని సభ్యులకు సంఘ కార్యదర్శులు దీనిని చదివి వినిపింపగోరెదము.

పేదలకు గృహసహాయము మన ప్రాంతమున క్రొత్త కార్యము కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1979లో ఇందుకై రాష్ట్ర గృహనిర్మాణ సంస్థను స్థాపించెను. కేంద్ర ప్రభుత్వము 1985-86లో ఇందిరా ఆవాస్ యోజనను భూమిలేని గ్రామీణుల ఉపాధి కార్యక్రమములో భాగముగ ఆరంభించి, 1996 జనవరి 1 నుండి ప్రత్యేక పథకముగ చేసెను. అదియే 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ అను పేర మాఱినది. తెలంగాణ రాష్ట్రము 2015లో రెండు పడకగదుల ఇండ్ల పథకమును చేపట్టి, ప్రభుత్వమే కట్టించి ఇచ్చు పద్ధతిని అవలంబించెను. 2024 మార్చి 11న భద్రాచలమున ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకములో ఆ పద్ధతి విడిచి, సొంత స్థలమున్న కుటుంబము తానే కట్టుకొనగా 5 లక్షల రూపాయలు విడతలుగ ఇచ్చుటకు నిర్ణయించిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న ఆరంభమైన ఇండ్లస్థలముల పంపిణీయందు గ్రామములలో కుటుంబమునకు సెంటున్నర, అనగా సుమారు 72 చదరపు గజముల స్థలమును, ఇంటికి 1,80,000 రూపాయల సహాయమును ఏర్పాటు చేసిరి. ఆ సొమ్ముతో ఇండ్లు పూర్తికాక నిలిచిపోయినవారికి 2025లో ఆ ప్రభుత్వము షెడ్యూల్డు కులములవారికిని వెనుకబడిన తరగతులవారికిని 50,000, గిరిజనులకు 75,000, మిక్కిలి వెనుకబడిన ఆదిమ గిరిజన తెగలవారికి 1,00,000 రూపాయలు అదనముగ మంజూరు చేయవలసి వచ్చినది. సహాయము మంజూరగుట ఒకటి, ఇల్లు పూర్తియగుట వేఱొకటి అనుటకు ఈ ఉత్తరువే చాలిన సాక్ష్యము.

ముందుగా కేంద్ర పథకము సంగతి. దీనియందు మైదాన ప్రాంతమున ఇంటికి 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతములందును దుర్గమ ప్రాంతములందును 1,30,000 రూపాయలు ఇత్తురు. ఇందు నూటికి 60 వంతులు కేంద్రమును, 40 వంతులు రాష్ట్రమును భరించును. ఈశాన్య, హిమాలయ రాష్ట్రములకు మాత్రము 90, 10 చొప్పున పంపకము. ఇంటి వైశాల్యము వంటచోటుతో కూడ 25 చదరపు మీటర్లకు తగ్గరాదు. మన లెక్కలో 18 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల ఇల్లు ఈ కొలతకు సరిపోవును. మరుగుదొడ్డికి 12,000 రూపాయలు వేఱుగ లభించును. కట్టువారి సొంత కష్టమునకు 90 దినముల కూలి, దుర్గమ ప్రాంతములలో 95 దినముల కూలి, ఉపాధి హామీ చట్టము క్రింద చెల్లించు ఏర్పాటు 2016 నాటి నియమములలో కలదు. ఆ చట్టమునకు బదులుగ 2025 డిసెంబరులో పార్లమెంటు వేఱొక చట్టమును చేసినందున, ఈ కూలి ఏ పద్దున వచ్చునో మంజూరు కాగితము అందిన దినముననే మండల కార్యాలయమున అడిగి తెలిసికొనుట మేలు. ఇదిగాక కోరినవారు 70,000 రూపాయల వఱకు బ్యాంకు అప్పు పొందుటకు కూడ వీలు కల్పించిరి.

ఈ పథకమున దరఖాస్తు అనగా ఒక కాగితము వ్రాసి కచేరీలో ఇచ్చి వచ్చుట మాత్రమే యని తలంపరాదు. మొదట 2011 నాటి సాంఘిక ఆర్థిక కులగణన ఆధారముగ జాబితాలు కూర్చిరి. అందు తప్పిపోయినవారికొఱకు 2018 జనవరి మొదలు 2019 మార్చి వఱకు ఒక సర్వే జరిగెను. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము మఱి 2 కోట్ల ఇండ్లకు అనుమతి ఇచ్చిన పిమ్మట క్రొత్త సర్వే వచ్చినది. ఇందు అధికారి ఇంటికి వచ్చి వివరములను యాప్‌లో నమోదు చేయుటయే కాక, కుటుంబము తన ఫోనునందు తానే నమోదు చేసికొను వీలును కలదు. ఏ మార్గమున చేరినను ఇల్లు చూచుట, ఫోటో తీయుట, గ్రామసభలో పేరు చదువుట తప్పవు. కావున ఈ పథకమున నమోదే దరఖాస్తు. సర్వే జరుగునపుడు ఇంట లేనివాడు దరఖాస్తు చేయనివాడే యగును.

అర్హులెవరు? ఇల్లే లేనివారును, మట్టి మొదలగు కచ్చా గోడలును కచ్చా కప్పును గలిగి రెండు గదులకు మించని ఇండ్లలో నున్నవారును. వీరిలో నీడలేనివారు, భిక్షాటనచే బ్రదుకువారు, పాకీపనివారు, ఆదిమ గిరిజన తెగలవారు, వెట్టిచాకిరి నుండి చట్టప్రకారము విడుదలైనవారు తప్పనిసరిగ చేర్పబడుదురు. తక్కినవారిలో పదునాఱు మొదలు ఏబదితొమ్మిదేండ్ల వయసు గల మగవారు లేక స్త్రీయే నడుపు సంసారము, వికలాంగులుండి పనిచేయగల పెద్దలు లేని సంసారము, భూమి లేక కూలిపైననే ఆధారపడిన సంసారము మొదలగువానికి ముందు వరుస దొరకును. అధికారి అడిగినపుడు సిగ్గుపడియో, పరువు పోవునని తలచియో ఈ సంగతులు దాచినచో వరుస వెనుకకు పోవును. ఇట్లు దాచువారు, లేనిది చెప్పువారికంటె మన పల్లెలలో తక్కువ కారు.

అనర్హతలు 2024 సవరణకు పూర్వము పదుమూడు, సవరణతో పదియైనవి. ద్విచక్రవాహనము, రిఫ్రిజిరేటరు, తీగఫోను ఉన్నవారిని తొలగించు షరతులు ఎత్తివేసిరి. నెలకు 15,000 రూపాయలకు మించి సంపాదించు వ్యక్తి ఇంట నున్నను, ప్రభుత్వోద్యోగి యున్నను, ఆదాయపు పన్నో వృత్తిపన్నో చెల్లించినను, మూడు లేక నాలుగు చక్రముల మోటారు వాహనము గాని సేద్యపు యంత్రము గాని యున్నను, సేద్యేతర వ్యాపారము ప్రభుత్వమునొద్ద నమోదై యున్నను, నీటివసతి గల భూమి రెండున్నర ఎకరములు గాని అంతకు మించి గాని, మెట్ట ఐదు ఎకరములు గాని అంతకు మించి గాని యున్నను ఆ కుటుంబము అనర్హము. పదవ షరతును వేఱుగ చెప్పవలసి యున్నది, ఏలయన అది పరపతి సంఘముల సభ్యులకు సూటిగ తగులుచున్నది.

అది కిసాన్ క్రెడిట్ కార్డు షరతు. కార్డు పరిమితి 50,000 రూపాయలు గాని అంతకు మించి గాని యున్నచో ఇంటి సహాయము లేదు. గమనింపుడు: తీసికొన్న అప్పు కాదు, పరిమితి. పరిమితి యెట్లు కట్టుదురో సభ్యులకు తెలియును. పంటకు ఎకరమునకు జిల్లా సాంకేతిక సంఘము నిర్ణయించిన మొత్తమును విస్తీర్ణముచే గుణించి, దానికి ఇంటిఖర్చు మొదలగువానికై నూటికి 10, పనిముట్ల మరమ్మతు మొదలగువానికై నూటికి 20 కలుపుదురు. ఉదాహరణమునకు ఎకరమునకు 40,000 అనుకొందము. ఎకరమున్నర మాగాణి గల రైతుకు 60,000. దానిపై 6,000, 12,000 కలుపగా 78,000. భూమి షరతు ప్రకారము ఇతడు అర్హుడే, రెండున్నర ఎకరములకు చాల దిగువనున్నాడు. కార్డు షరతు ప్రకారము అనర్హుడు. ఇతని పొరుగున అంతే భూమిగల మఱియొకడు ఎరువుల కొట్టున నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకొనుచు, సంఘము గడప త్రొక్కనివాడైనచో, ఈ షరతు వానికి అడ్డు రాదు!

ఇది న్యాయముగ తోచదు. కార్డు పరిమితి సంపదకు గుర్తు కాదు. పంట పెట్టుబడి పెరిగినకొలది అదియు పెరుగును. వడ్డీవ్యాపారిని విడిచి సంఘమునకు వచ్చుడని సభ్యులకు దశాబ్దములుగ చెప్పుచు, వచ్చినవానికి ఇంటి విషయమున ద్వారము మూయుట సహకారోద్యమమునకు మేలుచేయు పని కాదు. ఈ షరతును మార్చవలెనని సంఘములు తమ సర్వసభ్య సమావేశములలో తీర్మానములు చేసి పంపుట యుక్తము. అంతవఱకు సభ్యుడేమి చేయవలెను? కార్డు దాచుట తగదు. ఖాతాలు ఆధారుతో కలిసియున్న ఈ దినములలో దాగదు కూడ, పిమ్మట బయటపడినచో మంజూరు రద్దగును. ఇంటికై కార్డును రద్దు చేసికొందునని వచ్చు సభ్యునకు కార్యదర్శి లెక్క చూపి చెప్పవలెను. సకాలమున చెల్లించినవానికి కేంద్ర వడ్డీరాయితీతో పంటఅప్పు సాలుకు నూటికి 4 రూపాయలకు పడుచున్నది. జాబితాలో వరుస ఎన్నడు వచ్చునో తెలియని ఇంటికొఱకు దానిని వదలి, సాలుకు 36 రూపాయల అప్పుతో సేద్యము సాగించుట మా అభిప్రాయమున నష్టము. తెలంగాణ సభ్యులకు వేఱొక మార్గము కలదు గనుక ఇక దాని సంగతి చెప్పెదము.

కేంద్ర గ్రామీణ పథకము తన మొదటి దశలో తెలంగాణమున అమలు జరుగలేదు. ఇందిరమ్మ ఇండ్లకు 2023 డిసెంబరు 28 మొదలు 2024 జనవరి 6 వఱకు జరిగిన ప్రజాపాలన సభలలో దరఖాస్తులు తీసికొనిరి. 2024 డిసెంబరులో యాప్‌తో ఇంటింటికి వచ్చి పరిశీలించిరి. దరఖాస్తుదారులను మూడు జాబితాలుగ విభజించిరి: సొంత స్థలముండి పక్కా ఇల్లు లేనివారు మొదటి జాబితా, స్థలమును ఇల్లును లేనివారు రెండవది, తక్కినవారు మూడవది. 2025 జనవరిలో గ్రామసభలయందు పేర్లు చదివిరి. మొదటి సాలు నియోజకవర్గమునకు 3,500 ఇండ్ల చొప్పున లెక్క వేసి, మొదటి జాబితావారితో పని ఆరంభించిరి. దారిద్ర్యరేఖకు దిగువనుండుట, ఆ గ్రామవాసియగుట ముఖ్య అర్హతలు. మంజూరు ఇంటి స్త్రీ పేర జరుగును. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600కు మించరాదు. వంటగది, మరుగుదొడ్డి, కాంక్రీటు కప్పు ఉండవలెను.

ఈ రెండు పథకములకు గల భేదములలో ఒకటి ప్రాణప్రదమైనది. కేంద్ర పథకమున మంజూరు ఉత్తరువు వెలువడిన 7 పనిదినములలో మొదటి విడత ఖాతాలో వేయవలెనని నియమము. అనగా సొమ్ము ముందు, పని వెనుక. ఇందిరమ్మ ఇండ్లలో పీఠము, అనగా జనులు బేస్‌మెంటు అనునది, పూర్తియైన పిమ్మటనే మొదటి 1 లక్ష వచ్చును. తరువాత గోడలకు, స్లాబుకు, తుదకు ఇల్లు ముగిసిన పిదప మిగిలిన 1 లక్షకు క్రమముగ విడతలు. ఇచట పని ముందు, సొమ్ము వెనుక. ఒక పథకపు మాట విని మఱియొక పథకమున దిగినవాడు మొదటి నెలలోనే చిక్కుకొనును.

ఇక కాగితములు. ఆధారు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకము, స్థలపు పత్రము, ఉపాధి కార్డున్నచో అదియు. ఇవి లేనివారు తక్కువ. ఇవి ఒకదానితో నొకటి పొసగనివారే ఎక్కువ. మన స్త్రీలకు ఈ చిక్కు అధికము. పెండ్లికి పూర్వము తీసిన ఆధారున పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డున అత్తింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకమున ఇంటిపేరు లేక ఒంటి యక్షరము. వ్రాయువారు మూడు చోట్ల మూడు విధముల వ్రాసిన ఒకే మనిషి ముగ్గురుగ కనబడును. ఇల్లు స్త్రీ పేర గాని భార్యాభర్తల ఇరువుర పేర గాని మంజూరగును గనుక, జాబితా వచ్చిన పిమ్మట దిద్దుకొందమని జాగుచేయక, ఇపుడే ఒకే తీరున వ్రాయించుకొనవలెను. ఏ పత్రమును ఆధారముగ తీసికొనవలెనని అడిగినచో ఆధారే. తక్కినవి దానికి సరిపోవునట్లు దిద్దించుడు.

ఖాతా విషయమున మఱియొక సూక్ష్మము కలదు. ఆధారు మూలముగ పంపు సొమ్ము, దరఖాస్తున వ్రాసిన ఖాతాకు కాక, ఆధారుతో చిట్టచివర కలిపిన ఖాతాకు పోవును. గ్యాసు రాయితీకనియో, పింఛనుకనియో ఎన్నడో వేఱొక బ్యాంకులో తెఱచిన ఖాతా అట్లు కలిసియుండవచ్చును; అది వాడుకలో లేక మూతబడి యుండవచ్చును. విడత రాలేదని కచేరీల చుట్టు తిరుగువారిలో కొందఱి సొమ్ము ఇట్టి ఖాతాల దగ్గఱ చిక్కియుండును. బ్యాంకున అడిగినచో ఆధారు ఏ ఖాతాకు కలిసియున్నదో చెప్పుదురు.

స్థలము మాటకు వచ్చినచో గ్రామకంఠములోని ఇంటిస్థలములకు పట్టాలు అరుదు. తాతనాటి నుండి కాపురమున్న స్థలమేయైనను, ఇంటిపన్ను రసీదు మామగారి పేరనో, ఎన్నడో చనిపోయినవారి పేరనో యుండును. అన్నదమ్ములు నోటిమాటగ పంచుకొందురు, ముగ్గు పోయునాడు తగవు పుట్టును. ఇట్టివారు దరఖాస్తుకు పూర్వమే కుటుంబ పెద్దల సమక్షమున పంపక పత్రము వ్రాసికొని, వీలైనచో రిజిస్టరు చేయించి, పన్ను రసీదును తమ పేరికి మార్పించుకొనవలెను. విద్యుత్తు బిల్లు కూడ కాపురమునకు సాక్ష్యమే. స్థలమే లేనివారు ఇంటి సహాయముతో పాటు స్థలమును కూడ అడుగవలెను. కేంద్ర పథకమున భూమిలేని లబ్ధిదారునకు స్థలము చూపించు బాధ్యత రాష్ట్ర ప్రభుత్వముది.

సర్వే దినమున వలసపోయినవారి గతి యేమి? పాలమూరు ప్రాంతము నుండియు, అనంతపురము ప్రాంతము నుండియు సుగ్గి ముగిసినపిదప కుటుంబములకు కుటుంబములే దూరదేశములకు పనులకు పోవుట ఎల్లరెఱిగినదే. తాళమువేసిన ఇంటి ముందు అధికారి నిలుచుండి తిరిగిపోవును. ఇట్లు పోవువారు తమ ఫోను సంఖ్యను పంచాయతీ కార్యదర్శికిని, సంఘమునకును ఇచ్చి పోవలెను. సర్వే మాట వినబడగనే సంఘము కబురంపవలెను. ఒకరు వచ్చి ఒక దినము నిలిచిన చాలును. బస్సు ఖర్చుకు వెనుదీయుట ఇచట పొరపాటు.

గ్రామసభ చదువు జాబితాలో పేరు లేనిచో గట్టిగ కేకలు వేసి వచ్చుటచే ప్రయోజనము లేదు. వ్రాతమూలకముగ అర్జీ ఇచ్చి, దానికి అందినట్లు సంతకము తీసికొనవలెను. అర్జీ ఎట్లుండవలెనో ఒక మాదిరి చూపుచున్నాము:

“శ్రీయుత గ్రామసభ అధ్యక్షులవారికి. మా కుటుంబము ఈ గ్రామమున ఇరువది సంవత్సరములుగ కాపురమున్నది. ఇంటి గోడలు మట్టివి; కప్పు తాటాకుది; గదులు రెండు. మాకు సాగుభూమి ముప్పాతిక ఎకరము మెట్ట కలదు. వాహనము గాని, క్రెడిట్ కార్డు గాని, ఉద్యోగస్థులు గాని లేరు. సర్వేకు వచ్చిన దినమున మేము కూలికి పొరుగు జిల్లాలో నుంటిమి. ఈ దినము చదివిన జాబితాలో మా పేరు లేదు. కావున మా ఇంటిని మరల చూచి, అర్హత యున్నచో పేరు చేర్చవలెననియు, లేనిచో కారణమును వ్రాతమూలకముగ తెలుపవలెననియు కోరుచున్నాము. జతపఱచినవి: ఆధారు నకలు, రేషన్ కార్డు నకలు, ఇంటిపన్ను రసీదు నకలు.”

ఇందు “మహాప్రభో” అను మాట లేదు. కన్నీటి వర్ణన లేదు. పరిశీలించువానికి కావలసిన సంగతులు మాత్రమున్నవి. తుదివాక్యము ముఖ్యము, కారణము వ్రాసి ఇచ్చినచో దానిపై పైవారికి చెప్పుకొనవచ్చును. కేంద్ర పథకమున పేరు తొలగించుట, వరుస మార్చుట మొదలగువానిపై విచారించుటకు జిల్లా కలెక్టరు ఆధ్వర్యమున అప్పీలు సంఘమును నియమములలో ఏర్పఱచిరి. జవాబే రానిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అర్జీ స్థితిని అడుగవచ్చును. 30 దినములలో జవాబియ్యవలెను. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు రుసుము చెల్లింప నక్కఱలేదు. గృహ దరఖాస్తునకు గాని, ఫోటోకు గాని, విడత బిల్లునకు గాని మధ్యవర్తికి ఈయవలసిన సొమ్ము ఏదియు లేదు. “పేరు నేను పెట్టించెదను” అనువాడు, పేరు తానుగ వచ్చిన ఇండ్లవద్ద సొమ్ము పుచ్చుకొని, రానివారికి “మఱుసటి విడతలో” అని చెప్పును. అతడు ఏ దారిన పోయినను నష్టపడడు.

పేరు వచ్చినది. ఇచట నుండియే అసలైన జాగ్రత్త కావలెను. పాత ఇల్లు పడగొట్టుటకు తొందరపడరాదు. కేంద్ర పథకమున మంజూరుకు పూర్వము కుటుంబము కాపురమున్న పాత ఇంటి ఫోటోను, కట్టబోవు స్థలపు ఫోటోను స్థలగుర్తుతో సహా తీయుదురు. పేరు చదివిన ఉత్సాహమున మఱునాడే గోడలు కూల్చినవానికి చూపుటకు పాత ఇల్లుండదు. అర్హతకు సాక్ష్యమే పోవును. ఇందిరమ్మ ఇండ్లలోను అధికారి వచ్చి ముగ్గు పోయించి ఫోటో తీసిన పిమ్మటనే త్రవ్వవలెను. ముందుగ కట్టిన పునాదికి బిల్లు వచ్చుట కష్టము. స్థలము చాలినచో పాత ఇంటి ప్రక్కన కట్టుట ఉత్తమము. చాలనిచో మంజూరు కాగితము చేత బట్టుకొని, వానలకు ముందో వెనుకో చూచుకొని, తలదాచుకొను చోటు కుదిరిన పిదప కూల్చవలెను. ఆషాఢము, మూఢము చూచుకొను మన గృహస్థులు ఋతుపవనమును కూడ అంత శ్రద్ధగ చూచుకొన్న బాగుండును.

తరువాత పీఠపు కొలత. ఇండ్లు నడుమ నిలిచిపోవుటకు కారణములు వెదకినచో ఇది ముందు వరుసలో నుండును. 27 అడుగులు పొడవు, 15 అడుగులు వెడల్పు గల పీఠము 405 చదరపు అడుగులు, నియమమునకు చాలును. 30కి 20 అయినచో 600, అదియే పైహద్దు. “జన్మలో ఒక్కసారి కట్టుదుము, పిల్లలు పెద్దవారగుచున్నారు” అని 36కి 24 త్రవ్వినచో 864 చదరపు అడుగులగును. రాయి, మట్టి, సిమెంటు, కూలి అన్నియు మొదటిదానికి రెట్టింపు దాటును. పైహద్దు దాటినందున బిల్లు ఆగును. పైగా పీఠము పెద్దదైనపుడు గోడలును స్లాబును పెద్దవి కాక తప్పదు. మేస్త్రీ పెద్దది కట్టుమనియే చెప్పును, వాని కూలి అడుగుల లెక్కన వచ్చును గదా! ఇల్లు తరువాత పెంచుకొనదలచినవారు వెనుకవైపు స్థలము విడిచి, ఆ గోడకు వాకిలి పెట్టుటకు తావుంచి, ఇపుడు నియమితమైన కొలతకే కట్టవలెను.

పీఠమునకు పెట్టుబడి యెక్కడిది? ఇందిరమ్మ ఇండ్లలో మొదటి లక్ష వచ్చుటకు లోపలనే కుటుంబము తన సొమ్ము పెట్టవలెను గదా. కూలి కుటుంబమునొద్ద అంత రొక్కముండదు. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చినచో నెలకు 3,000. పని, ఫోటో, పరిశీలన, బిల్లు అన్నియు ముగియుటకు ఐదు నెలలు పట్టినచో 15,000 వడ్డీకే పోవును. అదే లక్ష సాలుకు 12 రూపాయల వడ్డీకి దొరికినచో నెలకు 1,000, ఐదు నెలలకు 5,000. మిగిలిన 10,000తో తలుపులో కిటికీలో వచ్చును. మహిళా స్వయం సహాయక సంఘములలో నున్న స్త్రీలు మొదట అచట అడుగవలెను. ఇల్లు వారి పేరనే మంజూరగుట చేత అప్పును విడతసొమ్మును ఒకే చేతిలో నుండును. ఉపనిబంధనలు ఒప్పుకొను పరపతి సంఘములు మంజూరు కాగితము చూచి, మొదటి విడత రాగానే తీర్చు షరతున స్వల్పకాలపు అప్పు ఇచ్చుట ఆలోచింపదగినది. పంటఅప్పును పంటకని తీసికొని పీఠములో పోయుట మాత్రము వలదు. వానకాలమున విత్తనమునకు చేయి చాపవలసి వచ్చును, వాయిదా తప్పినచో నాలుగు రూపాయల వడ్డీ రాయితీయు పోవును.

సంఘము చేయగల ఉపకారము మఱియొకటి కలదు. ఒక గ్రామమున పది ఇండ్లు మంజూరైనచో పదిమందియు విడివిడిగ సిమెంటు, ఇనుము, ఇటుకలు కొనుచున్నారు. ఒకే పట్టి వ్రాసి ఒకే బండిపై తెప్పించినచో కిరాయి తగ్గును, దుకాణదారు ధర విడుచును. ఎరువుల విషయమున సంఘములు ఎప్పటినుండియో చేయుచున్న పనియే ఇది. ఐతే సిమెంటు మూటలను మూడు నెలలకు ముందే తెచ్చి తేమనేలపై పేర్చరాదు. గడ్డకట్టిన సిమెంటుతో వేసిన స్లాబు కారును. పని నడుచుకొలదికి తెప్పింపవలెను. ఇటుకలను మాత్రము బట్టీలు కాలు వేసవిలోనే కొని యుంచుకొనుట లాభము.

విడతల ఫోటోల సంగతి చెప్పి ముగించెదము. ప్రతి దశయందును స్థలగుర్తుతో ఫోటో తీసినగాని బిల్లు కదలదు. పీఠము ముగిసిన దినముననే పంచాయతీ కార్యదర్శికి తెలియజేసి, తెలిపిన తేదీని ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. వచ్చి ఫోటో తీసిన తేదీని, ఖాతాలో సొమ్ము పడిన తేదీని దాని ప్రక్కన వ్రాయవలెను. ఆలస్యమైనచో ఎవరి దగ్గఱ ఆగినదో ఈ మూడు తేదీలు చెప్పును. ఫోటోలో ఇంటివారు నిలుచుండవలెనని అడిగినచో మంజూరు ఎవరి పేర నున్నదో ఆమెయే నిలువవలెను, భర్త కాదు. బ్యాంకునుండి సొమ్ము తీయునపుడును ఆమెయే పోవలెను. సంతకముచేసిన ఖాళీ చీటీలను మేస్త్రీకి గాని, ఇంటిపని గుత్తకు పట్టినవానికి గాని ఈయరాదు. కేంద్ర పథకమున గుత్తదారు చేత ఇల్లు కట్టించుట నియమవిరుద్ధము కూడ. తుది విడత ఇల్లంతయు ముగిసిన పిమ్మట వచ్చునది గనుక, దానికి సరిపడు సొమ్మును మేస్త్రీకి బాకీయుంచి, మరుగుదొడ్డి తలుపు బిగించి, ఫోటో తీయించిన తరువాత లెక్క తీర్చవలెను.